నారాయణభట్టుకి ఇంకో రంగం ఇవ్వు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ నాటకం రాత్రి రెండుసార్లు చదివాను. రాజరాజనరేంద్రుడి కొలువు కళ్లకు కట్టావు. నా మనసు మాత్రం నారాయణభట్టు దగ్గర ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ ఆయనంటే నాకు ఇష్టం. నీ నాటకంలో నాలుగుసార్లు వస్తాడు, నాలుగుసార్లూ నన్నయని పొగిడి వెళ్లిపోతాడు. అంతేనా అమ్మా ఆయన?

భారతయుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు, భారతం తెనిగించేటప్పుడు నారాయణభట్టు తనకి తోడున్నాడని నన్నయే చెప్పుకున్నాడు. సహాధ్యాయుడు అని కూడా అన్నాడు. నందంపూడి శాసనం ప్రకారం సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు అయిదింటిలోనూ దిట్ట. అలాంటివాడు పక్కన కూర్చుని ఊరికే తలూపుతాడా? కలిసి చదువుకున్నవాళ్లు కొలువులో "తమరు" అనుకున్నా, తలుపు వేశాక "ఒరేయ్" అనుకుంటారు. "ఈ పాదం కుదర్లేదురా" అనగలిగేది ఆయనొక్కడే. ఆ రంగం రాయి. ఘంటం గీతలు పడ్డ తాటాకు మీద మసి రుద్దుతూ, అక్షరాలు తేలుతుంటే, ఒకచోట ఆయన చెయ్యి ఆగాలి. డైలాగు వద్దు. నన్నయకి అర్థమైపోతుంది.

ముప్ఫై ఏళ్ల కిందట ఒక సంక్రాంతి వేదికకి నేనూ రాజుల నాటకం రాశాను. మంత్రి వేషం కట్టినాయన పగలంతా కొబ్బరి దింపులకి వెళ్లేవాడు. రిహార్సల్లో అడిగాడు: "నేను కొలువులోకి వచ్చేముందు ఎక్కడున్నానండీ?" నా దగ్గర జవాబు లేదు. నాటకం రోజున చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, "చిత్తం మహాప్రభూ" అన్నప్పుడల్లా ఉత్తరీయం అంచు నలుపుతూనే ఉన్నాడు. ఆ చేతులు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. తప్పు ఆయనది కాదు, నాది.

రెండో అంకంలో భట్టుని కాలువ మీద పడవలో పంపావు. మన కాలువలు ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చినవి, అది పూర్తయింది 1852లో. గోదావరి పాయలో పంపు. మిరపకాయ కూడా అప్పటికి మనకి లేదు, విస్తట్లోంచి తీసేసి మిరియాలు వెయ్యి.

చివరి రంగం గురించి ఒక్క మాట. నందంపూడి మీ అంబాజీపేట పక్కనే కదా. రాజు ఆ ఊరు భట్టుకి అగ్రహారంగా ఇస్తే, ఆ దానశాసనం కట్టింది నన్నయ. స్నేహితుణ్ణి పొగుడుతూ ఆయన ఒక్కో శ్లోకం వినిపిస్తుంటే ఈయన ఎదురుగా కూర్చుని వినాలి. అయిదు భాషలొచ్చినవాడికి అప్పుడు నోట మాట రాదు. నువ్వు రాజు కిరీటం మీద తెర దించావు. నన్నడిగితే ఈయన ముఖం మీద దించు.

రాసి ఆదివారం తీసుకురా, ఇద్దరం పైకి చదువుకుందాం.

ఇట్లు,
మీ మాస్టారు