స్లైస్ తగ్గాలన్నా, బంతి శుభ్రంగా తగలాలన్నా ఇంటి సామాన్లతోనే చేయగల సాధనలు

మీరు ఆరు నెలలుగా గోల్ఫ్ నేర్చుకుంటున్నారనీ, డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో, కొట్టిన బంతి ప్రతిసారీ కుడివైపు వంపు తిరిగి పోతోందనీ (దీన్నే స్లైస్ అంటారు), లోహపు పలక ఉన్న ఐరన్ క్లబ్‌తో కొట్టేటప్పుడు క్లబ్ బంతికంటే ముందే నేలను తాకుతోందనీ రాశారు. వారం వారం కోచ్‌కు ఇచ్చుకునే వీలు లేదు కాబట్టి ఇంటి దగ్గర ఏం చేయవచ్చో, కొత్త డ్రైవర్ కొంటే ఉపయోగం ఉంటుందో లేదో చెప్పమన్నారు. విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో చాలాకాలంగా ఆడుతున్నాను, కొత్తగా క్లబ్ పట్టిన బంధువులకూ స్నేహితులకూ తోడుగా నిలబడి సాధన చేయిస్తున్నాను. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను. మీరు కుడిచేతివాటం అనుకుని చెబుతున్నాను. ఎడమచేతివాటమైతే కుడి, ఎడమలను తారుమారు చేసుకోండి.

స్వింగ్ చేస్తున్నప్పుడు మన శరీరం ఏం చేస్తోందో మనకు సరిగ్గా తెలియదు. చేతులు లోపలి నుంచి, అంటే ఒంటి వైపు నుంచి, వస్తున్నాయని గట్టిగా నమ్మే మనిషి వీడియోలో చూస్తే క్లబ్ బయటి నుంచి అడ్డంగా వస్తూ ఉంటుంది. అందుకే ఖరీదైనదా చవకదా అన్నది పక్కనబెట్టి, ఒక సాధన మంచిదా కాదా అని నేను ఒకే ప్రశ్నతో తేల్చుకుంటాను: తప్పు జరిగిన మరుక్షణం ఎదుట ఉన్న ఏదో ఒక వస్తువు ఆ సంగతి చెబుతోందా? చెబితే పక్కన కోచ్ లేకపోయినా ఆ సాధన పనిచేస్తుంది. చెప్పకపోతే గంటల తరబడి చేసినా పాత అలవాటే మరింత గట్టిపడుతుంది.

ముందు బంతి చెప్పే సాక్ష్యం చూద్దాం. బంతి ఏ దిక్కుగా బయలుదేరుతుందో చాలావరకు తాకే క్షణంలో క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే పలక, ఎటు చూస్తోందన్న దాన్నిబట్టే ఉంటుంది. ఆ తరువాత గాలిలో ఎటు వంపు తిరుగుతుందన్నది క్లబ్ వచ్చిన దారికీ, ఫేస్ చూస్తున్న దిక్కుకూ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. మీ బంతి ఎడమవైపు బయలుదేరి కుడికి తిరుగుతోందా, నేరుగా బయలుదేరి తిరుగుతోందా, కుడివైపే బయలుదేరి ఇంకా కుడికి పోతోందా అన్నది మీరు రాయలేదు. ఈసారి డ్రైవింగ్ రేంజ్‌కు (బంతులు కొట్టి సాధన చేసే చోటుకు) వెళ్లినప్పుడు వరుసగా పది బంతులు కొట్టి, ఎంత దూరం పోయాయన్నది వదిలేసి, ఒక్కొక్కటీ బయలుదేరిన దిక్కును మాత్రం కాగితం మీద రాసుకోండి. మూడు సందర్భాల్లోనూ, బంతి ఫేస్ మధ్యలో తగులుతున్నంతవరకు, ఫేస్ క్లబ్ దారితో పోలిస్తే కుడివైపు తెరుచుకుని ఉందనే అర్థం. కానీ మొదటి సందర్భంలో క్లబ్ దారి కూడా ఎడమకు అడ్డంగా కోసుకుపోతోంది, మూడో సందర్భంలో తప్పంతా దాదాపుగా ఫేస్‌దే.

బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందన్నది కూడా అప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే డ్రైవర్‌లో మడమవైపు, అంటే షాఫ్ట్‌కు (క్లబ్ కర్రకు) దగ్గరగా తగిలిన బంతి, మిగతావన్నీ సరిగా ఉన్నా కుడికే తిరుగుతుంది. దీనికి అమ్మే స్టిక్కర్లు అక్కర్లేదు. ఫేస్‌ను పొడిగుడ్డతో తుడిచి, వేలితో కాస్త టాల్కం పౌడరు పలచగా రాసి కొడితే, తెల్లటి పొర మీద బంతి తాకినచోట గుండ్రటి మచ్చ పడుతుంది. మన విశాఖ ఉక్కపోతలో పౌడరు క్షణాల్లో ముద్దకడుతుంది కాబట్టి ప్రతి బంతికీ తుడిచి మళ్లీ రాయాలి. అంత ఓపిక లేనివారు వైట్‌బోర్డు మార్కర్‌తో బంతి వెనుకవైపు పెద్ద చుక్క పెట్టి కొడితే ఆ చుక్క ఫేస్ మీద అచ్చుపడుతుంది. మచ్చలన్నీ మడమవైపే ఉంటే బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో, లేదా స్వింగ్‌లో బరువు కాలివేళ్ల మీదికి తూలుతోందేమో ముందు చూసుకోండి. టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీది బంతికి అరచేయి వెడల్పు అవతలగా, అంటే మీకు దూరంగా ఉండే వైపు, ఖాళీ అగ్గిపెట్టె నిలబెట్టి, దాన్ని తాకకుండా బంతిని మాత్రమే కొట్టడానికి ప్రయత్నించండి. అగ్గిపెట్టె ఎగిరిపోతే క్లబ్ మీకు దూరంగా, బంతికి అవతలికి పోతున్నట్టు. దాన్ని తప్పిస్తూ, నడిమి మచ్చ పడేదాకా నిలబడే దూరాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ చూడండి.

మచ్చ మధ్యలోనే ఉండి కూడా బంతి కుడికి తిరుగుతుంటే మొట్టమొదట సరిచేయవలసింది గ్రిప్, అంటే క్లబ్ పట్టుకునే తీరు, ఇందులో నాకు ఎలాంటి సందేహమూ లేదు. ఎడమచేతిలో క్లబ్ అరచేతి మధ్యలోంచి కాకుండా వేళ్ల మొదళ్ల వెంట ఏటవాలుగా ఉండాలి. పట్టుకున్నాక పైనుంచి చూస్తే ఎడమచేతి పిడికిలి కణుపులు కనీసం రెండైనా కనబడాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే మడత కుడిభుజం వైపు చూడాలి. ఒక్క కణుపే కనబడుతుంటే, తాకే క్షణంలో ఫేస్ తెరుచుకునే ఉండడం దాదాపు ఖాయం. పాత గ్లవ్ మీద క్లబ్ ఎక్కడ ఆనాలో బాల్‌పెన్‌తో గీత గీసుకుని, టీవీ చూస్తున్నప్పుడూ ఫోన్ మాట్లాడుతున్నప్పుడూ పట్టుకుని వదలడం, మళ్లీ పట్టుకోవడం చేస్తూ ఉండండి. చేతికి ఈ పట్టు అలవాటయ్యేదాకా వింతగా ఉంటుంది. ఆ వింతకు భయపడి పాత పట్టుకు పోకూడదు.

గ్రిప్ కుదిరాక నడుము ఎత్తు నుంచి నడుము ఎత్తు వరకు మాత్రమే సాగే చిన్న స్వింగ్‌తో, రెండు చేతుల మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉంచి పట్టుకుని సాధన చేయండి. చేతులు విడివిడిగా ఉన్నప్పుడు ముంజేతులు తిరగకపోతే క్లబ్ ముందుకు సాగనే సాగదు, కాబట్టి ఆ తిరగడం ఎలా ఉంటుందో మొదటిసారిగా తెలుస్తుంది. బంతి దాటిన తరువాత క్లబ్ నడుము ఎత్తుకు వచ్చినప్పుడు ఆపి చూసుకుంటే దాని ముక్కు (మడమకు ఎదురుగా ఉండే కొస) ఆకాశం వైపు ఉండాలి.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. మా మేనల్లుడికి గ్రిప్ సరిచేసిన రోజున వాడి బంతులన్నీ వంపు లేకుండా నేరుగా ఎడమవైపు పోయాయి. వాడు బెంబేలెత్తి, "మామయ్యా, ఇంతకుముందే నయం, కనీసం బంతి గ్రౌండ్‌లో పడేది" అని పాత పట్టుకు పోబోయాడు. నిజానికి ఆ ఎడమ పోక మంచి సూచన. క్లబ్ దారి మొదటినుంచీ ఎడమకే ఉంది, ఇన్నాళ్లూ తెరుచుకున్న ఫేస్ దాన్ని కప్పిపుచ్చింది, ఇప్పుడు ఫేస్ ఆ దారితో కలిసింది కాబట్టి బంతి దారి వెంటే పోయింది. ఫేస్‌ను తేల్చకుండా ముందే దారిని సరిచేయబోతే బంతి కుడివైపే బయలుదేరి ఇంకా కుడికి పోతుంది, మనిషి విసిగిపోతాడు. అందుకే ముందు ఫేస్, తరువాత దారి అన్న వరుసను మార్చవద్దంటాను.

దారి సరిచేయడానికి కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు ఒకటి కొని రెండు ముక్కలు చేయించుకోండి. ఒక ముక్కను బంతికి అవతల లక్ష్యం వైపు, రెండోదాన్ని మీ కాలివేళ్ల ముందు దానికి సమాంతరంగా పెట్టి నిలబడితే, మీ భుజాలూ కాళ్లూ ఎటు చూస్తున్నాయో తెలిసిపోతుంది. బంతి కుడికి పోతోందని కొందరు ఇంకా ఇంకా ఎడమవైపు తిరిగి నిలబడతారు, దానితో అడ్డంగా కోసే దారి మరింత పెరిగి వంపు కూడా పెరుగుతుంది. ఆ తరువాత బంతికి వెనకాల అడుగు దూరంలో, బంతి గీతకు అవతలివైపు ఖాళీ బిస్కెట్ అట్టపెట్టె ఒకటి ఉంచండి. సెవన్ ఐరన్ మాత్రమే వాడి, మొదట క్లబ్ తలకు పక్కన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, కుదురుతున్నకొద్దీ పెట్టెను దగ్గరకు జరపండి. క్లబ్ బయటినుంచి వస్తే పెట్టె ఎగిరిపోతుంది, లోపలినుంచి వస్తే అలాగే ఉంటుంది. దిగేటప్పుడు కుడిచేయి కదలిక చెరువు నీటిమీద పెంకు విసిరినట్టు, మోచేయి పక్కటెముకలకు దగ్గరగా ముందు దిగి, చేయి ఆ వెనుక రావాలి. ఆ కదలికను ముందు ఉత్తచేత్తో చాలాసార్లు చేసి తరువాత క్లబ్ పట్టుకోండి.

ఇక నేల ముందు తగలడం గురించి. నేల ముందు తగలడమూ, బంతి నెత్తిన మాత్రమే తగిలి అది నేల పట్టుకుని పాకడమూ చూడడానికి రెండు తప్పులుగా కనిపించినా, కారణం చాలాసార్లు ఒకటే: స్వింగ్ అడుగంటే చోటు, అంటే క్లబ్ అన్నిటికంటే కిందికి దిగే చోటు, బంతికి వెనకాల ఉండిపోవడం. బంతిని పైకి లేపాలన్న ఆత్రంలో బరువు కుడికాలి మీదే ఆగిపోతుంది, అందువల్ల క్లబ్ ముందే అడుగంటుతుంది. సెవన్ ఐరన్ ఫేస్‌కు దాదాపు 30 డిగ్రీల వాలు పుట్టుకతోనే ఉంది, బంతిని లేపే పని అదే చూసుకుంటుంది. మన పని క్లబ్ బంతిని తాకాక నేలను తాకేలా చూడడమే.

దీనికి విశాఖవాసులకున్నంత మంచి సదుపాయం చాలా ఊళ్లవారికి లేదు. తెల్లవారగానే సాగర్‌నగర్ వైపు జనం తక్కువగా ఉండే చోట, అల వెనక్కి తగ్గాక గట్టిపడిన తడి ఇసుక మీద కాలిమడమతో పొడుగ్గా గీత గీయండి. గీత మీ రెండు పాదాల మధ్యకు వచ్చేలా నిలబడి, బంతి లేకుండా పాత ఐరన్‌తో సగం స్వింగ్ చేసి, ఇసుక ఎక్కడ చీలిందో చూడండి. గీత వెంట ఒక అడుగు జరిగి మళ్లీ చేయండి. పది పన్నెండు స్వింగుల తరువాత ఆ గీత మీ తప్పొప్పుల చిట్టాలా కనిపిస్తుంది: గుంటలు గీతకు కుడివైపు మొదలైతే క్లబ్ ముందే అడుగంటుతోంది, గీత మీదో కాస్త ఎడమవైపో మొదలైతే బంతి శుభ్రంగా తగిలేది. నిలబడేటప్పుడే సగానికి మించిన బరువు ఎడమకాలి మీద ఉంచుకుని మొదలుపెడితే గుంటలు ముందుకు జరగడం అక్కడికక్కడే చూస్తారు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకోవాలి, అక్కడ బంతి మాత్రం కొట్టకూడదు, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో కంచె వేసిన చోట్ల దరిదాపులకు పోకూడదు. ఇంటికి రాగానే క్లబ్‌ను మంచినీళ్లతో కడిగి తుడవకపోతే ఉప్పు దాన్ని తినేస్తుంది.

రేంజ్‌లోని మ్యాట్ మీద ఈ తప్పు దాక్కుంటుంది, ఎందుకంటే ముందే తాకిన క్లబ్ మ్యాట్ మీద జారి బంతిని ఎలాగోలా కొట్టేస్తుంది, మనకు బాగానే కొట్టామనిపిస్తుంది. తువ్వాలును మడతపెట్టి బంతికి జానెడు వెనకాల పరిస్తే ఆ దాపరికం పోతుంది. ముందే అడుగంటిన ప్రతిసారీ తువ్వాలు లేచివస్తుంది. మేడ మీద చేస్తే మాత్రం కింద మందమైన గోనెపట్టా ఒకటి ఉండాలి, స్పాంజి బంతులే వాడాలి. కాంక్రీటుకు క్లబ్ తగిలిందంటే మణికట్టు వారాల తరబడి నొప్పి పెడుతుంది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. దిగేటప్పుడు నడుము బంతి వైపు తోసుకువస్తుంటే, పిరుదులు తగిలేలా వెనక ప్లాస్టిక్ కుర్చీ పెట్టుకుని, బంతిని తాకేదాకా కుర్చీని వదలకుండా నెమ్మదిగా స్వింగ్ చేయండి. ఒళ్లు ఊగిపోతుంటే రెండు పాదాలూ దగ్గరగా చేర్చి చిన్న స్వింగులు కొట్టండి. తూలితే అతిబలం వాడుతున్నట్టే. తొందర ఎక్కువైతే క్లబ్ పైకి తీసుకుపోవడానికి మూడు లెక్కలు, దిగడానికి ఒక లెక్క అన్న తూకం మనసులో పెట్టుకోండి. వీటిలో ఏది చేసినా ఒక వారం ఒక్కటే చేయండి, నాలుగు స్వింగులు సాధన వస్తువుతో చేస్తే ఒకటి అది లేకుండా చేయండి. ఫోన్‌ను కుర్చీ మీద నడుము ఎత్తులో నిలబెట్టి వెనకనుంచి స్లోమోషన్‌లో తీసుకుంటే వారం వారం మార్పు తెలుస్తుంది. ఎప్పుడైనా కోచ్ దగ్గర ఒక్క పాఠం తీసుకోగలిగితే, ఆ వీడియోలూ పౌడరు మచ్చల ఫోటోలూ చూపించండి. ఆయన సమయంలో సగం తప్పు వెతకడానికే పోకుండా ఉంటుంది.

కొత్త డ్రైవర్ మాట ఇప్పుడు వద్దు. గ్రిప్ కుదిరి, మచ్చ మధ్యలో పడుతూ, అట్టపెట్టె కదలకుండా ఉన్నా వంపు ఇంకా మిగిలితే, మీ డ్రైవర్ అడుగున రాసి ఉన్న డిగ్రీల అంకె, అంటే ఫేస్ వాలు, చూడండి. అది 9 అయితే, 10.5 లేదా 12 డిగ్రీల డ్రైవర్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని రేంజ్‌లో కొట్టి చూడండి. వాలు ఎక్కువున్న క్లబ్‌తో బంతికి పక్క వంపు తక్కువగా వస్తుంది. అప్పటికీ కొనాలనే అనిపిస్తే, అలా వాలు ఎక్కువున్న పాత డ్రైవర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే సరిపోతుంది.