మేనల్లుడికి, బోటెక్కే ముందు

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విశాఖలో అప్పుడు పొద్దున్న తొమ్మిదైనట్టుంది, వెనకాల మిక్సీ మోత. "నీ మేనల్లుడు ఐదు రోజులు సముద్రంలోకి పోతున్నాడట, ట్యూనా పడతాడట. అంతా నీ పెంపకమే" అని మొదలుపెట్టి పావుగంట వాయించింది. నేను నోరెత్తలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం గరాజ్‌లోకి పోయి చేపలు పట్టే పాత రాడ్లన్నీ దించి తుడుచుకుంటూ కూర్చున్నాను. మీ అత్త తొంగి చూసి, "మీరూ పోతారా ఏంటి, ఆ మోకాళ్లతో?" అంది.

పోను. ఉత్తరం రాస్తాను. నువ్వు ఫోన్‌లో అయితే రెండు నిమిషాలకే "సరే మావయ్యా, మీటింగుంది" అంటావు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ రెండూ జేబులో ఉండాలి, బోటెక్కేది శాండియాగోలో అయినా చేపలు పట్టేది ఎక్కువగా మెక్సికో నీళ్లలో. వాంతుల మాత్ర ముందురోజు రాత్రే వేసుకో, కడుపులో తిప్పడం మొదలయ్యాక అది పనిచేయదు. జూన్ కదా అని టీషర్టులతో పోకు, రాత్రిళ్లు డెక్ మీద పళ్లు కొట్టుకుంటాయి. జారని రబ్బరు బూట్లు కొనుక్కో. ఇంకొకటి, నవ్వకు. బోట్ల మీద అరటిపండు దరిద్రం అంటారు. నా రెండో ట్రిప్పుకి మీ అత్త గుడి ప్రసాదం అని రెండు పళ్లు బ్యాగులో పెట్టింది. డెక్‌హ్యాండ్, అంటే బోటు మీద పనిచేసేవాడు, ఒకడు చూసి వాటిని అక్కడికక్కడే ఒడ్డు మీదికి విసిరేశాడు. దేవుడి ప్రసాదం అని ఇంగ్లిషులో చెప్పేలోపే అయిపోయింది.

నువ్వు పంపిన వీడియోలో ఉన్న ఏనుగు లాంటి చేపల మీద ఆశ పెట్టుకోకు. 2010 నవంబరులో శాండియాగో బోటు మీద ఒకాయన 405 పౌండ్ల ఎల్లోఫిన్ ట్యూనా లాగాడు. అది మెక్సికో బాజా తీరం వెంబడి బాగా దిగువకి పోయే పొడుగాటి ట్రిప్పుల సంగతి. నీది సీజను మొదలు. నీళ్లింకా చల్లగా ఉంటాయి, నీకు దొరికేది బ్లూఫిన్ ట్యూనా. జపాన్ వైపు పుట్టి, చిన్నప్పుడే పసిఫిక్ అంతా ఈదుకుంటూ తిండి కోసం ఈ తీరానికి వస్తాయవి. పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ అక్కడికే పోతాయి. మనకంటే నయం, వీసా స్టాంపింగు గొడవ లేదు. 2015 నుంచి రోజుకి రెండే ఉంచుకోవాలి, ఎన్ని రోజులు పోయినా ఆరుకి మించకూడదు.

బ్లూఫిన్‌కి కళ్లెక్కువ. పగలు లావు లైను వేస్తే దగ్గరికి రాదు. పాతిక, ముప్ఫై పౌండ్ల బరువు తట్టుకునే సన్నటి ఫ్లోరోకార్బన్ లైను, చిన్న గేలం, బతికున్న సార్డైన్. మన వైపు కవళ్లు అంటామే, ఆ జాతి. ఎర చేప దగ్గరే సగం మంది ఓడిపోతారు. ట్యాంకులో చెయ్యి పెట్టి దొరికినదాన్ని పట్టుకోకు. వీపు పచ్చగా ఉండి, చేతికి చిక్కకుండా తప్పించుకునేది ఏదో చూడు, అదే కావాలి. చెయ్యి తడిపి పట్టుకో, నలపకు. వదిలాక నీ అరచేతికి పొలుసులు అంటుకున్నాయంటే ఆ చేప పని అయిపోయినట్టే, ఇంకోటి తీసుకో. గాలి నీ మొహానికి కొట్టేవైపు నిలబడి వదులు. బోటు గాలితోపాటు వెనక్కి జరుగుతుంది, నీ లైను ముందుకి సాఫీగా పోతుంది. ఎర ఈదడం మానేసిందా, లాగేసి కొత్తది కట్టు. బద్ధకించే వాడికి చేప రాదు. నీ బద్ధకం నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా.

చేప పడ్డాక నిలబడ్డచోటే నిలబడకు. అది ఎటు పోతే నువ్వూ కమ్మీ వెంబడే అటు నడవాలి, పక్కవాళ్ల రాడ్ల కిందనుంచి, పైనుంచి దూరుతూ. ఎవరూ ఏమీ అనుకోరు. నిలబడిపోయి పదిమంది లైన్లు చిక్కుపడేలా చేసినవాణ్ని మాత్రం తిడతారు.

ఇక అసలు సంగతి. నీకు ఆరేళ్లప్పుడు, మన ఇంట్లో భోజనాల దగ్గర, "మావయ్యా, నీ ఉంగరం వేలు ఎందుకు వంగదు?" అని అడిగావు. పప్పన్నం కలుపుతుంటే ఆ వేలొక్కటీ కర్రలా పైకి నిలబడి ఉండేది. కారు తలుపులో పడింది అన్నాను. మీ అమ్మకీ అదే చెప్పాను. కారు తలుపు కాదు.

1996 జూన్. నా మొదటి ఐదు రోజుల ట్రిప్పు. బోటు మీద ఇరవై ఇద్దరం, అందులో మనవాణ్ని నేనొక్కణ్నే. మూడో రోజు మధ్యాహ్నం ఎల్లోఫిన్ పడింది, అరవై, డెబ్బై పౌండ్లు ఉండొచ్చు. నలభై నిమిషాలు లాగాను. నడుం పోయింది. చేప కిందనే గుండ్రంగా తిరుగుతోంది, నీళ్లలో వెండిపళ్లెంలా మెరుస్తోంది. డెక్‌హ్యాండ్ కొక్కెం కర్ర పట్టుకుని పక్కనే నిలబడి, "తొందర లేదు, ఇంకో రెండు చుట్లు" అంటున్నాడు. నాకు మాత్రం తొందర. అందరూ చూస్తున్నారు.

నీకు తెలుసుగా, చిన్నప్పుడు భీమిలిలో ఒడ్డు మీంచి అలివి వల లాగుతుంటే మేం పిల్లలం కూడా పోయి తాడు పట్టుకునేవాళ్లం. జారకుండా తాడుని చేతికి ఒక చుట్టు చుట్టుకునేవాళ్లం. అది బొటనవేలంత లావు కొబ్బరి తాడు. అదే బుద్ధి. రాడ్‌ని కమ్మీకి ఆనించి, కుడిచేత్తో లైను పట్టుకుని, వేళ్లకి ఒక్క చుట్టు చుట్టి లాగాను. డెక్‌హ్యాండ్ అరిచాడు. వాడి అరుపూ చేప తోక కొట్టడమూ ఒకేసారి. సన్నటి నైలాను చుట్టు బిగిసి ఉంగరం వేలి లోపలికంటా దిగింది. లైను తెగింది. చేప పోయింది. నొప్పి లేదు, చిత్రం. చెయ్యి చల్లగా అనిపించింది అంతే.

తప్పు అదనుకుంటున్నావా? అది తెలివితక్కువతనం. తప్పు ఆ తరవాతది.

డెక్‌హ్యాండ్ చెయ్యి చూపించమంటే పిడికిలి బిగించి, గీరుకుంది అంతే అన్నాను. కిందికి పోయి ఉప్పునీళ్లతో కడిగి, చేతిరుమాలు కట్టి, మీద గ్లవ్ తొడిగాను. వేలు వంచుదామని చూస్తే రాలేదు. అప్పుడే తెలిసింది, ఏదో తెగిందని. అయినా చెప్పలేదు. నావల్ల బోటు వెనక్కి తిరిగితే ఇరవై ఒక్కమంది డబ్బూ సెలవులూ పోతాయి, "ఆ ఇండియన్‌వల్ల" అంటారని. రెండు రోజులు గ్లవ్ తియ్యలేదు. ఎడమచేత్తో తింటుంటే వంటాయన కనిపెట్టాడు. వాళ్లందరికీ ఫోర్కు ఎడమచేతిలోనే ఉంటుంది అనుకున్నాను, ఆయనకి తేడా ఎలా తెలిసిందో. గ్లవ్ లాగేశాడు. వాసన వచ్చింది.

కెప్టెన్ వచ్చాడు. తిట్టలేదు. మందుల పెట్టె తెచ్చి, కడిగి, కట్టు కట్టి, మాత్రలిచ్చి, "మొదటి గంటలో చెప్పాల్సింది. తిప్పాలో వద్దో నేను చూసుకునేవాణ్ని" అన్నాడు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ని. ఒడ్డుకొచ్చాక డాక్టరు చెప్పింది, నరం లాంటి తాడు రెండు ముక్కలై లోపలికి ముడుచుకుపోయిందని, వెంటనే వచ్చి ఉంటే పని తేలికయ్యేదని. ఆపరేషను చేసి కుట్టింది కానీ వేలు వంగలేదు. ఆ ట్రిప్పులో నా మీద ఎవరూ ఒక్క మాట అనలేదు. నా పక్క పడక మీద పడుకునేవాడు తన చేపల్లో సగం నాకిచ్చాడు.

అందుకని, లైను చేతికి చుట్టకు. గ్లవ్ ఉన్నా సరే. ఏది తెగినా, గేలం గుచ్చుకున్నా, కళ్లు తిరిగినా, గుండెలో ఏదోలా ఉన్నా ఆ నిమిషమే చెప్పు. ఇప్పుడు శాటిలైట్ ఫోన్లున్నాయి. నువ్వు నాకంటే మొహమాటస్థుడివి. పెళ్లిలో కూర మాడిందని చెప్పడానికి కూడా సిగ్గుపడి రెండోసారి వేయించుకున్నావు, నేను చూశాను. అదే నా భయం. షార్కు గురించి మీ అమ్మ భయపడనీ, నాకు నీ మొహమాటమంటే భయం.

ఎక్కేముందు టైముంటే శాండియాగోలోనే ఉన్న షెల్టర్ ఐలాండ్ మీద ట్యూనా జాలర్ల విగ్రహం చూసిరా. ముగ్గురు మనుషులు మూడు గెడలతో ఒక్క చేపను లేపుతుంటారు. పాతరోజుల్లో చేప పెద్దదైతే అలాగే పట్టేవాళ్లు.

ఎవరి చేప పెద్దదని బోటు మీద వేసుకునే పందెం డబ్బు కట్టు, గెలవవు. డెక్‌హ్యాండ్లకి టిప్పు లెక్క ముందే పక్కన పెట్టుకో, నూటికి పది, పదిహేను. ఈ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించకు, కారు తలుపు కథ అలాగే ఉండనీ. తిరిగొచ్చాక ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి, తరవాతే నాకు.

చేపలు శుభ్రం చేసేవాళ్లకి తలకాయలూ మెడముక్కలూ వదిలెయ్యకు, అవి పులుసుకి కావాలి. నేను పొద్దున్నే ఆరింటికి డాక్ దగ్గరుంటాను. చేపలకి ఐసుపెట్టె కొనకు, నా పాతది తెస్తాను. మూత సరిగ్గా పడదు, తాడేసి కట్టుకుందాం.

మావయ్య