పుణె వెళ్ళే ముందు ఒక కాగితం రాసుకో

అమ్మలూ,

పుణెలో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చెబుతూనే ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దపేగు బదులు చిన్నపేగుతో కుట్టిన సంచి, అదే పౌచ్, ఉన్నవాళ్ళం, రాత్రి ఎలాగూ లేవాల్సిందే అనుకో. పెద్దపేగు తీయించుకుని కూడా పరాయి ఊళ్ళో ఒంటరిగా ఉద్యోగానికి వెళ్తున్నావు. నాకు గర్వంగానే ఉంది. తిట్టాల్సినవి తిట్టాక ఆ సంగతి చెబుతాను.

కోణార్క్‌లో వెళ్తే బోగీ చివరి బెర్త్ చూసుకో. అద్దె ఎక్కువైనా అటాచ్డ్ బాత్రూం ఉన్న గదే తీసుకో. జింక్ క్రీము, ఒక జత బట్టలు ఎప్పుడూ బ్యాగ్‌లో ఉండాలి.

బాత్రూంకి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు మానేసే అలవాటు నీకుంది, పెళ్ళిళ్ళలో చూశాను. నీళ్ళనీ ఉప్పునీ పీల్చుకునే పెద్దపేగు మనకి లేదు తల్లీ. ఉత్త నీళ్ళు ఎన్ని తాగినా చాలవు, ఉప్పేసిన మజ్జిగో గంజో పడాలి. ఎండాకాలం ఓఆర్‌ఎస్ పొడి 1 లీటరులో కలుపుకో. డబ్బాల్లో అమ్మే తియ్యటి నీళ్ళు కాదు. అశ్రద్ధ చేస్తే కిడ్నీలో రాళ్ళొస్తాయి.

ఇంక నా అసలు భయం. నువ్వప్పుడు చిన్నపిల్లవి, గుర్తుండదు. వైజాగ్ బీచ్ రోడ్డులో మీకందరికీ కాల్చిన పొత్తులు కొన్నాం. నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది ఇస్తారే, ఆ వాసనకి నేనూ ఒకటి తిన్నాను. తెల్లవారుజామున బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. కాసేపు తగ్గి మళ్ళీ వచ్చేది. రోజుకి 6, 7 సార్లు వెళ్ళేదాన్ని, ఆ రోజు ఒక్కసారీ వెళ్ళలేదు. గ్యాసు కూడా కదల్లేదు. మీ మావయ్య వాము నీళ్ళు పట్టారు, మా అత్తగారు దిష్టి తీశారు. వాంతులు మొదలయ్యాక వీధి చివరి క్లినిక్‌కి తీసుకెళ్ళారు. పెద్దపేగు తీసేశారండీ అని చెప్పాను. ఆయన తల ఊపి, మోషన్ అవ్వట్లేదు కాబట్టి మలబద్ధకం అని విరేచనాల మందు రాశారు. ముందు దారి మూసుకుపోయి ఉంటే వెనక నుంచి నెట్టినట్టయింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది, వాంతిలో పచ్చటి పసరు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి ముక్కులోంచి గొట్టం వేసింది. "మింగండమ్మా, మింగుతూనే ఉండండి" అంటూ నా గడ్డం పట్టుకుంది. నోటికి చుక్క ఇవ్వకుండా సెలైన్ ఎక్కించారు. ఆపరేషనైన కడుపులో పేగులు అతుక్కుని ఇరుకవుతాయట, అక్కడ గింజలు ఉండకట్టాయి. కోత లేకుండానే వదిలింది, మన అదృష్టం.

అక్కడ నీ పక్కన ఎవరుంటారే? అందుకే ఒక కాగితం రాసుకో. జబ్బు పేరు ఎఫ్‌ఏపీ (పేగు నిండా పాలిప్స్ అనే బుడిపెలు వచ్చే వంశపారంపర్య జబ్బు), పెద్దపేగూ పురీషనాళమూ తీసేశారు, చిన్నపేగుతో చేసిన జె-పౌచ్ ఉంది, నొప్పీ వాంతులూ వచ్చి మోషన్ ఆగితే అడ్డం పడిందేమో చూడాలి, విరేచనాల మందు ఇవ్వకూడదు. కింద నీ సర్జన్ నంబరు. పర్సులో ఒకటి, ఫోన్‌లో ఒకటి. కొత్త ఊళ్ళో ముక్కూమొహం తెలియని డాక్టరు ముందు నొప్పితో మెలికలు తిరుగుతూ నువ్వేం వివరిస్తావు?

పచ్చి కొబ్బరి, ములక్కాడ పీచు, బత్తాయి తొనల మీది తోలు కూడా జాగ్రత్త. నమిలి తిను, నీకు ఆ అలవాటు చిన్నప్పట్నుంచీ లేదు.

ఉన్నట్టుండి బాత్రూంకి పరుగులు పెరిగి, ఒళ్ళు వెచ్చబడితే పౌచ్ వాచిందేమో. పాత చీటీ చూపించి యాంటీబయోటిక్ కొనుక్కోకు. మెట్రోనిడజోల్ ఎక్కువ కాలం వాడినందుకు నా అరికాళ్ళలో తిమ్మిరి ఇప్పటికీ ఉంది. నొప్పి మాత్రలూ అంతే, డాక్టర్ని అడక్కుండా పారాసిటమాల్ దాటి వెళ్ళకు.

ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. మనది వంశంలో వచ్చిన జబ్బు. పేగు పోయినా, వదిలేస్తే క్యాన్సరయ్యే ఆ పాలిప్స్ పోవు, పౌచ్‌లోనూ వస్తాయి, చిన్నపేగు మొదట్లోనూ వస్తాయి. ఏటా పౌచ్‌లో కెమెరా వేయించుకోవాలి, పై నుంచి ఎండోస్కోపీ ఎప్పుడెప్పుడో డాక్టరు చెబుతారు. కొత్త ఉద్యోగం, సెలవు లేదు అనకు. మీ నాన్న కూడా "ఈ మార్చి అయిపోనీ, చూపించుకుంటా" అనేవాడు. ఎన్ని మార్చిలు పోయాయో నీకూ తెలుసు.

జాయినింగ్ కంటే ముందే అక్కడి గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆ తేదీ నాకు వాట్సాప్ చెయ్యి. గది చూడ్డానికి మీ అమ్మతో నేనూ వస్తున్నాను, వద్దనకు. సగ్గుబియ్యం, అటుకులు నేనే తెస్తాను, నువ్వు మోయకు.

మీ అత్తయ్య