‘ఇవ్వాలి’ – ఎవరు ఇవ్వాలి?

సందేహం: వార్డు బాధ్యత తీసుకోబోయే స్టాఫ్ నర్సులకు నిర్వహణ, నాయకత్వం నేర్పడానికి తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాం. ‘మందు ఇవ్వబడాలి’ వంటి వాక్యాలను ‘ఇవ్వాలి’ అని మార్చాం. సరిపోతుందా? పుస్తకం పేరులో ‘యాజమాన్యం’ అనవచ్చా?
– ఒక నర్సింగ్ ట్యూటర్, విశాఖపట్నం

సమాధానం: ‘ఇవ్వబడాలి’ని తీసివేసి మంచి పని చేశారు. అయితే వార్డులో పని పంచడం నేర్పే పుస్తకానికి ‘ఇవ్వాలి’ ఒక్కటే చాలదు. ‘ఇస్తాను, ఇస్తావు, ఇస్తారు’ అన్నప్పుడు ఆ పని ఎవరిదో క్రియ చివరనే తెలుస్తుంది. ‘ఇవ్వవలెను’ నుంచి వచ్చిన ‘ఇవ్వాలి’కి ఆ శక్తి లేదు, అందులోని ‘వలెను’కు మూలమైన ‘వలయు’కు అవసరమగు అని అర్థం కనుక, నేనైనా మీరైనా వాళ్లయినా దాని రూపం మారదు. పైగా కర్తను చెప్పకుండా వదిలేయడం మనకు అలవాటు. ‘ఆరో బెడ్డు పేషెంటుకు రెండు గంటలకు ఇంజెక్షన్ ఇవ్వాలి’ అని రిపోర్టు పుస్తకంలో రాస్తే వ్యాకరణ దోషం ఏమీ లేదు కానీ, సరిగ్గా ఆ వేళకే డ్యూటీ మారుతుంటే, వచ్చినవారు ఇస్తారని వెళ్లేవారు, వెళ్లేవారు ఇచ్చే ఉంటారని వచ్చినవారు అనుకోవచ్చు. లేదా ఇద్దరూ ఇవ్వవచ్చు. రెండూ ప్రమాదమే.

‘మీరు’తో మరో చిక్కు ఉంది. అది ఒకరికి గౌరవంగానూ వాడతాం, పదిమందికీ వాడతాం. ముగ్గురు సిస్టర్లు నిలబడి ఉండగా హెడ్ నర్సు ‘మీరు చూసుకోండి’ అంటే ఆ మాట ముగ్గురిదీ అవుతుంది, ఎవరిదీ కాకుండానూ పోతుంది. మీ విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వంటి పెద్దాసుపత్రిలో, ఉత్తరాంధ్ర అంతటి నుంచీ వచ్చే రోగులతో వార్డు నిండి ఉన్నప్పుడు, ఆ మాటను మళ్లీ విడమరచి చెప్పే తీరిక ఎవరికి ఉంటుంది? ‘పద్మగారూ, ఆరో బెడ్డు ఇంజెక్షన్ మీరు ఇవ్వండి, ఇచ్చాక ఛార్టులో సంతకం పెట్టి నాకు చెప్పండి’ అనాలి. ‘అలాగే సిస్టర్’ అన్న జవాబుతో ఊరుకోకుండా, ‘ఆరో బెడ్డుకు రెండు గంటలకు నేను ఇస్తాను’ అని ఆమె నోటనే పలికించాలి. ఆ ‘ను’తో పని ఆమెదవుతుంది. పేరు పెట్టి పని చెప్పడం అమర్యాద అని కొత్తగా బాధ్యత తీసుకున్నవారు, ముఖ్యంగా తమకంటే సీనియర్లకు చెప్పవలసి వచ్చినప్పుడు, జంకుతారు. ‘గారు’ ఉండగా ఆ జంకు అక్కరలేదు.

వార్డు బాధ్యత అంటే తాను చేసే పని తాను లేనప్పుడు కూడా జరిగేలా ఏర్పాటు చేయడమని ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. ఆ ఏర్పాటుకు మొదటి సాధనం వాక్యమే కనుక, మీ పుస్తకంలో దీనికి ఒక అభ్యాసం పెట్టండి: కర్త లేని పది వాక్యాలు ఇచ్చి, ఎవరు, ఎప్పటికి, చేశాక ఎవరికి చెప్పాలి అనేవి చేర్చి తిరగరాయించండి.

ఇక ‘యాజమాన్యం’ యజమానికి సంబంధించిన మాట. ఆసుపత్రి యాజమాన్యం అంటే జీతాలిచ్చేవారని అర్థమవుతుంది. ‘వార్డు నిర్వహణ, నాయకత్వం’ అని పెట్టండి.