నానమ్మ గుర్తుపట్టడం లేదని పాప దూరం జరుగుతుంటే

నానమ్మ "నువ్వెవరమ్మా?" అని అడిగిన రోజు నుంచి మీ ఎనిమిదేళ్ల పాప ఆ గదిలోకే వెళ్లట్లేదని రాశారు. ముందు జబ్బు పేరు దాచకుండా చెప్పేయండి. డిమెన్షియా మెదడుకి వచ్చే జబ్బు. అంటుకోదు, పాప అల్లరి వల్ల వచ్చిందీ కాదు. ఈ రెండో అనుమానం పిల్లలు పైకి అడగరు, లోపలే కుమిలిపోతారు. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో అయితే కొత్త సంగతులను గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ అనే భాగం మొదట్లోనే దెబ్బతింటుంది. అందుకే చిన్నప్పటి కబుర్లు గుర్తుంటాయి, పొద్దున జరిగింది ఉండదు.

"నేనెవరో చెప్పు చూద్దాం" అని మాత్రం అడగనివ్వకండి. మావాడు మా అమ్మని అలాగే అడిగేవాడు, ఆవిడ కంగారుపడి కసురుకునేది. తర్వాత "నేను నీ మనవణ్ని నానమ్మా" అంటూ వెళ్లి, పక్కన కూర్చుని పాత ఫొటోల ఆల్బమ్ తెరవడం మొదలుపెట్టాడు. వాడి పేరు ఆవిడ నోట మళ్లీ రాలేదు గానీ, పేజీలు తిప్పుతున్నంతసేపూ వాడి చెయ్యి వదిలేది కాదు.

సాయంత్రమయ్యేసరికి చాలామందికి అయోమయం, చిరాకు పెరుగుతాయి కాబట్టి పగటిపూట పది నిమిషాలు చాలు. పాప వద్దంటే బలవంతం చేయకండి. అన్నట్టు, మీ ఇంట్లో నానమ్మకి తికమక ఒక్కసారిగా ఎక్కువైతే వెంటనే డాక్టరుకి చూపించండి, ఏదైనా ఇన్ఫెక్షన్ వల్ల కూడా అలా అవుతుంది.