బేరింగులు మార్చబోతున్న మా బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, పాత స్ప్లెండర్ చక్రాల బేరింగులు నువ్వే ఇంట్లో మార్చుకుంటానంటున్నావని చెప్పాడు. "నా మాట వినదు, నువ్వన్నా వద్దని చెప్పు" అన్నాడు. నేనెందుకు వద్దంటాను? నేను జీవితమంతా ఆర్టీసీ డిపోలో పానా పట్టిన మనిషిని, మన ఇంట్లో ఒక్కరైనా ఆ పని మీద ఇష్టం చూపిస్తారా అని ఎదురుచూసినవాడిని. ఆ ఒక్కరు నువ్వే అయినందుకు ఎంత సంతోషంగా ఉందో రాయలేను. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. నువ్వు పాలమూరు నుంచి జడ్చర్ల, అక్కడి నుంచి పోలేపల్లి కంపెనీకి పోవాలి, వారం విడిచి వారం నైట్ షిఫ్టు, 44వ నంబరు హైవే మీద లారీలు ఎట్లా పోతాయో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నా. మొత్తం చదివాకే బండి మీద చెయ్యి వెయ్యి.

ముందు, పోయింది బేరింగులేనా అన్నది తేల్చుకో. సెంటర్ స్టాండు వేసి, ఇంజిన్ కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపు. టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి అటూ ఇటూ ఊపు. చక్రం ఒక్కటే టకటక ఆడితే బేరింగు. చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు కూడా దాంతోపాటు ఆడితే అది హ్యాండిల్ కింది కోన్ సెట్, దానికి వేరే వైద్యం. తర్వాత చక్రాన్ని మెల్లగా తిప్పి రెండో చెయ్యి ఫోర్కు అడుగున పెట్టు. ఇసుక నమిలినట్టు గరగర తగిలితే ఇంక అనుమానం లేదు. ఆ బండికి అది రాకపోతేనే ఆశ్చర్యం. యూరియా బస్తా 50 కిలోలున్నప్పటి నుంచి 45 కిలోలైన ఇప్పటిదాకా మీ నాయన దాని మీదే మోశాడు, పొలం బురదలో తిప్పాడు, ఆ బురద పోవాలని వాటర్ సర్వీసింగ్‌లో పైపు నేరుగా చక్రం నడిమి హబ్బు మీదికే కొట్టించాడు. అంత జోరుగా కొడితే నీళ్లు రబ్బరు సీలు దాటి బేరింగు లోపలికి పోతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది, తర్వాత తుప్పు. ఇకమీదటైనా హబ్బు దగ్గర బట్టతో తుడవండి.

సామాను కొనేటప్పుడు "స్ప్లెండర్ బేరింగ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకు. పాతది తీసి, తుడిచి, దాని మీది నంబరు చదివి అదే అడుగు. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం కొలత చెప్తాయి, 01 అంటే 12 మిల్లీమీటర్లు, 02 అంటే 15, 03 అంటే 17. కానీ అది సరిపోగానే అయిపోలేదు. 6201కీ 6301కీ రంధ్రం ఒకటే, బయటి కొలత మాత్రం ఒకదానికి 32, ఇంకోదానికి 37. రెండు వైపులా రబ్బరు సీలున్నది, అంటే నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉన్నది తీసుకో, మన దుమ్ముకు అదే మంచిది. ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ లాంటి మంచి పేర్ల మీద డూప్లికేట్లు చాలా తిరుగుతాయి, కాబట్టి బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొను, వంద రూపాయలకు కక్కుర్తి పడకు. ఆయిల్ సీళ్లు కూడా కొత్తవే తెచ్చుకో.

విప్పడం పెద్ద పని కాదు. స్పీడోమీటర్ కేబులు, బ్రేకు కేబులు తియ్యి, నట్టు విప్పు, ఎక్సెల్, అంటే చక్రం ఇరుసు, లాగు. ఏ వాషరు ఏ పక్కన ఉందో విప్పుతున్నప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకుని, పాత పేపరు మీద అదే వరసలో పేర్చు. బ్రేకు లైనర్ల దుమ్ము నోటితో ఊదకు. సీలు తీశాక, ఇటువైపు నుంచి పొడుగు రాడ్డు పెట్టి అటువైపు బేరింగు లోపలి రింగు మీద కొట్టాలి, ఒకే చోట కాకుండా చుట్టూ మారుస్తూ. రాడ్డుకు అంచు దొరకకపోతే లోపలి గొట్టాన్ని కొంచెం పక్కకు జరుపు, దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా సుత్తె ఎత్తావో, నేనే పాలమూరు వచ్చి గుంజుకుంటా. డిపోలో చిన్న ఇనుప రవ్వ కంట్లో పడి ఆస్పత్రి పాలైనవాళ్లను చూశాను నేను.

ఇప్పుడు ఆ గొట్టం సంగతి. దాన్ని డిస్టెన్స్ పీసు అంటారు. రెండు బేరింగుల మధ్య, హబ్బు లోపల ఉంటుంది, ఎక్సెల్ దాని నడుమ నుంచే పోతుంది. చూస్తే మామూలు పైపు ముక్క.

మీ మామ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు కదా. బండి మీద నుంచి పడ్డాడని మాత్రమే నీకు తెలుసు, ఎందుకు పడ్డాడో మీ పిల్లలకెవరికీ మేము చెప్పలేదు. అప్పుడాయన మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమాస్తా. నల్లగొండ నుంచి రోజూ బండి మీదే పోయి వచ్చేవాడు. ముందు చక్రం మోత చేస్తోందని ఒక సాయంత్రం ఇక్కడే ఒక షాపులో ఇచ్చాడు. పొద్దున్నే పోవాలి, రాత్రికల్లా కావాలని తొందర పెట్టాడు. మేస్త్రీ సామాను కోసం బయటికి పోయాడు, పని కుర్రాడి చేతిలో పడింది. వాడు హబ్బులోవన్నీ గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, తట్టలో కడిగాడు. కొత్త బేరింగులు రెండూ కొట్టాడు. గొట్టం తట్టలోనే ఉండిపోయింది.

అది లేకపోతే ఏమవుతుందో అర్థం చేసుకో. నట్టు బిగిస్తున్నకొద్దీ ఆ బలం రెండు బేరింగుల లోపలి రింగులను ఒకదానివైపు ఒకదాన్ని నెడుతుంది. బయటి రింగులు హబ్బులో కదలకుండా ఉంటాయి. మధ్యలో నలిగేవి బాల్సు, అంటే రెండు రింగుల నడుమ దొర్లే ఉక్కు గుండ్లు. గొట్టం ఉంటే ఆ బలమంతా గొట్టం తీసుకుంటుంది, బేరింగు హాయిగా తిరుగుతుంది. ఆ కుర్రాడు నట్టు బిగించగానే చక్రం బిగుసుకుంది. అక్కడే ఆగి మళ్లీ విప్పి ఉంటే ఏమీ అయ్యేది కాదు. వాడు ఆగలేదు, చక్రం తిరిగేదాకా నట్టు వదులు చేశాడు. తిరిగింది. బండి ఇచ్చేశారు.

మరునాడు తిప్పర్తి దాటి వేములపల్లి వస్తుండగా హ్యాండిల్ వణకడం మొదలైందట. మిల్లుకు ఆలస్యమవుతుందని ఆయన ఆపలేదు. ఉన్నట్టుండి చక్రం పట్టేసింది. వెనక వడ్ల లారీ. ఆ డ్రైవరు ఎవరో కానీ బ్రేకు మీద నిలబడ్డాడు, అందుకే ఈ రోజు మీ అత్త నుదుట బొట్టుంది. ఆ హబ్బు నేనే విప్పాను. లోపలి రింగు వేడికి నీలం రంగు తిరిగి ఉంది. గ్రీజు నల్లగా మాడిపోయి, వేళ్ల మధ్య రుద్దితే ఇనుప పొడి మెరిసింది. బాల్సు కొన్ని పగిలాయి, కొన్ని లేనే లేవు. గొట్టం కోసం చెయ్యి పెట్టి చూస్తే ఖాళీ. షాపుకు పోయి అడిగితే ఆ కుర్రాడు తట్టలోంచి తీసి చూపించి, నట్టు సంగతి చెప్పి ఏడ్చాడు. వాడికి ఇప్పటి నీ వయసు కూడా లేదు. తిట్టాలని పోయినవాణ్ని తిట్టలేకపోయాను.

కాబట్టి ఒక్కటే చెప్తున్నా, బిడ్డా. నట్టు మాన్యువల్‌లో ఉన్నంత బిగించాక చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి. తిరగకపోతే నట్టు వదులు చేయకు. మొత్తం విప్పు. అర్ధరాత్రి అయినా విప్పు. ఆ రోజు డ్యూటీకి బస్సులో పో.

బిగించే పద్ధతి ఇది. హబ్బు లోపల శుభ్రంగా తుడిచి, వేడి నీళ్లలో ముంచిన బట్ట చుట్టి కాసేపు వేడెక్కనివ్వు. కొత్త బేరింగులు కవర్లోనే ఉంచి గంట ముందు ఫ్రిజ్‌లో పైఅరలో పెట్టు. అల్యూమినియం సాగుతుంది, బేరింగు కుంచించుకుంటుంది, సగం కష్టం తగ్గుతుంది. గ్యాస్ మంట మాత్రం దగ్గరికి రానివ్వకు, పక్కనే పెట్రోలు ట్యాంకు, టైరు ఉన్నాయి. దెబ్బ ఎప్పుడూ బయటి రింగు మీదే పడాలి, దానికి సరిపోయే సాకెట్టో, పాత బేరింగో అడ్డం పెట్టి కొట్టు. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ బాల్సు మీదుగా పోయి, అవి దొర్లే దారిలో చిన్న గుంటలు పడతాయి. తీసిన పాతది బాగానే ఉన్నట్టు అనిపించినా మళ్లీ వేయవద్దనేది అందుకే. మొదటిది పూర్తిగా అడుగుకు కూర్చోబెట్టు, చప్పుడు మారుతుంది, నీకే తెలుస్తుంది. గొట్టం వెయ్యి. తర్వాత రెండోది, గొట్టానికి తగిలేదాకా మాత్రమే. సీలు అంచుకు కొంచెం గ్రీజు. డ్రమ్ముకూ లైనర్లకూ గ్రీజు అంటకూడదు, అంటితే బ్రేకు పడదు. స్పీడోమీటర్ గేరు చెవులు హబ్బు గాడిలో పడ్డాయా, బ్రేకు ప్లేటు గాడి ఫోర్కు బొడిపె మీద కూర్చుందా, ఈ రెండూ కళ్లతో చూసుకో.

వెనక చక్రం ఇంకో రోజు పెట్టుకో. చైన్ చక్రం పక్కన ఇంకో బేరింగు ఉందేమో చూడు, చాలా బండ్లలో ఉంటుంది, అందరూ మర్చిపోయేది అదే. బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్డు బోల్టుకు కొత్త స్ప్లిట్ పిన్ను వెయ్యి. చున్నీ లోపల పెట్టిరా, జుట్టు ముడి వేసుకో. ఇంజిన్ స్టార్టు చేసి, గేర్లో పెట్టి, తిరుగుతున్న చైనును బట్టతో తుడిచేవాళ్లను చూసి నేర్చుకోకు. అట్లా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. నీ చేతులు మాకు కావాలి.

సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టు, షిఫ్టుకు ముందు సాయంత్రం వద్దు. అయ్యాక కాలనీలోనే తిప్పు, హైవే ఎక్కకు. కాస్త దూరం పోయి ఆపి, హబ్బు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫికర్ లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే బండి నెట్టుకుంటూ ఇంటికి రా. మరునాడు నట్టు మళ్లీ ఒకసారి చూసుకో. రెండో బేరింగు కొట్టే ముందు నాకు వీడియో కాల్ చెయ్యి, హబ్బులో గొట్టం నా కళ్లతో చూడాలి. ఎంత పొద్దున్నయినా ఎత్తుతా. తీసిన పాత బేరింగులు పారేయకుండా దసరాకు వచ్చేటప్పుడు పట్టుకురా, ఎక్కడ అరిగాయో చూపిస్తా. మీ నాయనతో నేను మాట్లాడతాలే, ఆ రోజు పక్కన కూర్చుని టార్చి పట్టమంటా.

మీ పెద్దనాయన