వీల్‌చైర్ దెబ్బతింటే ఫిర్యాదు రాతపూర్వకంగానే ఎందుకు ఇవ్వాలి

అమెరికా నుంచి తిరిగి వస్తున్న మీ అమ్మగారి వీల్‌చైర్ విమానంలో దెబ్బతిన్నదనీ, నాలుగు రోజుల క్రితం చెన్నైలో దిగినప్పుడు కౌంటరులో క్షమాపణ చెప్పి ఒంగోలు పంపించేశారనీ, ఇప్పుడు ఫిర్యాదు చేస్తే అది ఎక్కడైనా లెక్కలోకి వస్తుందా అనీ అడిగారు. వస్తుందండీ. అయితే నోటితో చెప్పినది రాదు, రాసి ఇచ్చినదే వస్తుంది.

మాది కావలి. మా నాన్నగారికి చిన్నతనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుపడ్డాయి. ఆయనను వెంటబెట్టుకొని చెన్నై నుంచి గల్ఫ్ మీదుగా అమెరికాలోని మా అక్క ఇంటికి వెళ్లాను. అక్కడ దిగేటప్పుడు ప్రయాణికులందరూ వెళ్లిపోయినా, సీట్ల మధ్య దారిలో పట్టే సన్న కుర్చీ రాక ఆయన గంటకు పైగా కూర్చున్నచోటే కూర్చుండిపోయారు. తీరా తలుపు దగ్గరికి వెళ్తే, ఆయన సొంత కుర్చీకి కుడి పాదం ఆనించే పలక లోపలికి వంగిపోయి చక్రానికి రాసుకుంటున్నది. నాన్నగారు ఏమీ అనలేదు. వంగిన ఇనుమును అరచేత్తో తడిమి చూసి, కుడికాలిని రెండు చేతులతో ఎత్తి ఎడమ పలక మీదికి మార్చుకున్నారు. సిబ్బంది మర్యాదగానే క్షమించమన్నారు, నేనూ సరేనన్నాను. కాగితం మీద ఏమీ రాయించుకోకుండా బయటికి రావడం నేను చేసిన పెద్ద పొరపాటు.

అమెరికాలో 1986లో వచ్చిన ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం కింద రూపొందిన నిబంధనల ప్రకారం, 60 సీట్లకు మించిన విమానం ఒక్కటైనా నడిపే సంస్థ, విదేశీ సంస్థ అయినా సరే, వైకల్యానికి సంబంధించి ఏడాది పొడవునా తనకు అందిన ఫిర్యాదుల లెక్కను మరుసటి జనవరి చివరి సోమవారంలోగా అక్కడి రవాణా శాఖకు సమర్పించాలి. ప్రయాణికుడి వైకల్యం ఏమిటో, ఇబ్బంది సాయం అందకపోవడమా, పరికరం దెబ్బతినడమా, ఎక్కనివ్వకపోవడమా అన్నది వేరువేరు గళ్లలో చూపాలి. ఆ లెక్కకు ఫిర్యాదు అంటే రాతపూర్వకంగా ఇచ్చినదే. వైకల్యం ఉన్నవారి తరఫున మరొకరు రాసినా చెల్లుతుంది కనుక మీ అమ్మగారి పేరిట మీరే రాయవచ్చు.

ఈ సంగతి అక్క చెప్పిన తరువాతే నేను రాశాను. ఘటన జరిగిన 45 రోజులు దాటాక పంపితే, రవాణా శాఖ ద్వారా వచ్చినదైతే తప్ప, సంస్థ జవాబివ్వనవసరం లేదు. మేము 38వ రోజున పంపాము. అందిన 30 రోజులలోగా జవాబివ్వాలి, అందులో నిబంధనను ఉల్లంఘించామనో లేదనో స్పష్టంగా చెప్పాలి. మాకు మొదట వచ్చింది విచారం వ్యక్తం చేస్తూ నాలుగు వాక్యాలే. ఉల్లంఘన జరిగిందా లేదా అని తిరిగి అడిగిన తరువాతనే, సాయం ఆలస్యం కావడం, కుర్చీ దెబ్బతినడం తమ లోపాలేనని ఒప్పుకుంటూ ఉత్తరం పంపారు. మాకు చెన్నైలో ఎదురైన వేరే ఇబ్బందిని మాత్రం ఆ నిబంధనల కిందికి రాదని తోసిపుచ్చారు. అది నిజమే: విదేశీ సంస్థ విషయంలో అమెరికాలో మొదలయ్యే లేదా ముగిసే విమానానికే అవి వర్తిస్తాయి, దారిలో మారి ఎక్కిన మరో విమానానికి కాదు. మీ కుర్చీ ఏ విమానంలో దెబ్బతిన్నదో తెలియకపోయినా, అమెరికాలో ఎక్కించిన సమయమూ, అప్పుడది ఎలా ఉన్నదో తెలిపే ఫొటో ఉంటే అదీ జతచేయండి.

ఇలాంటి కాగితాలు వృథా అని నేను అనుకోను. వికలాంగ మాజీ సైనికుల సంఘం ఇచ్చిన ఫిర్యాదులు కూడా ఉన్న కేసులో, 2024 అక్టోబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద 5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. మన దేశ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలవారీ నివేదికలలోనూ ఫిర్యాదుల రకాలలో వైకల్యానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. చెన్నైలో మీకు జరిగినదాన్ని విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి.

అన్నిటికన్నా తొందరైనది నష్టపరిహారం. అంతర్జాతీయ విమాన ప్రయాణాలలో జరిగే నష్టాలకు సంబంధించిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను దెబ్బతిన్నదని అది చేతికి అందిన 7 రోజులలోగా రాతపూర్వకంగా తెలపాలి. మీకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. బోర్డింగ్ పాసులు, కుర్చీ ఫొటోలు, కొన్నప్పటి రసీదు కలిపి ఈ రాత్రికే ఈమెయిలు పంపండి. అమెరికా రవాణా శాఖకు ఇచ్చే ఫిర్యాదుకు 6 నెలల గడువు ఉన్నది కాబట్టి, సంస్థ జవాబు చూసుకొని తరువాత దానిని పంపవచ్చు.